పేరు మాస్టారిది, డబ్బు ఎవరి చేతిలో?

ప్రశ్న: మాది రాయగడ. బజారులో చిన్న చీరల దుకాణం ఉంది. గుణుపురంలో మా వారికి చదువు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక ఒక క్రిప్టో గ్రూపులో చేరారు. టెలిగ్రామ్ ఛానల్లో 38 వేల మంది ఉన్నారు, మన వైపు తెలుగువాళ్ల కోసం వేరే వాట్సాప్ గ్రూపు పెట్టారు. కంప్యూటరే కొని అమ్ముతుందని, రోజుకు 1.2 శాతం వస్తుందని చెప్పారు. మాస్టారి మాట మీద గ్రూపులో ఇచ్చిన యూపీఐకి రెండు విడతల్లో రూ. 40,000 పంపాను. నాలుగు నెలల్లో రూ. 14,000 బ్యాంకులో పడింది, యాప్‌లో ఇంకా లక్షా పది వేలు చూపిస్తోంది. పార్వతీపురంలో ఉన్న మా చెల్లెలి చేత కూడా రూ. 25,000 పెట్టించాను, దానికి నాకు కమీషను వచ్చింది. ఇప్పుడు 'లీడర్' అవ్వాలంటే మూడు లక్షలు పెట్టమంటున్నారు. వచ్చే నెల చీటీ పాడుకుంటే ఆ డబ్బు చేతికొస్తుంది. అడ్మిన్‌కు మూడేళ్లుగా మంచి పేరుందట. మాస్టారు అబద్ధమాడే మనిషి కాదని మా వారు అంటారు, అది నిజమే. ఆయన్ని అనుమానించినట్టు కాకుండా దీని నిజానిజాలు తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

సమాధానం: మూడు లక్షలు పెట్టకండి. చీటీ ఎప్పుడు పాడుకోవాలన్నది మీ ఇంటి అవసరాన్ని బట్టి చూసుకోండి గానీ, ఆ డబ్బు ఈ యాప్ ముఖం చూడకూడదు. ఈ మాట అనడానికి మీ ఉత్తరంలో ఉన్న వివరాలే చాలు. అయినా ఎందుకో మీ కళ్లతో మీరు చూసుకుంటేనే మీ వారికి చెప్పగలరు కాబట్టి, చూసుకునే పద్ధతి రాస్తున్నాం.

ముందు ఈ 'పేరు' సంగతి. మీ చీటీనే తీసుకోండి. చీటీ నడిపే మనిషి ఇల్లు మీకు తెలుసు. సభ్యులు ఒకరికొకరు తెలుసు. పాట అందరి ఎదుటా జరుగుతుంది, డబ్బు ఆ మనిషి చేతి మీదుగానే తిరుగుతుంది. ఎగ్గొడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేరు. పేరున్న మనిషీ, డబ్బు పట్టుకున్న మనిషీ ఒక్కరే కాబట్టి అక్కడ పేరుకు విలువ ఉంది. (అయినా రిజిస్టరు కాని చీటీలు మునుగుతూనే ఉంటాయి, అది వేరే ఉత్తరం.) మీ గ్రూపులో ఈ రెండూ విడిపోయాయి. పేరు మాస్టారిది. డబ్బు మాత్రం మాస్టారి చేతికి రానే లేదు, నేరుగా ఎవరిదో యూపీఐ ఖాతాలోకి పోయింది. ఆ ఖాతా ఎవరిదో ఆయనకూ తెలియకపోవచ్చు. ఆయన ఎంత నిజాయతీపరులైనా, తాను చూడని చోటికి పోయిన డబ్బుకు హామీ ఉండలేరు. అందుకే 'మాస్టారు మంచివారా' అన్న ప్రశ్న పక్కన పెట్టేయండి. దానికి జవాబు అవునే. తేలాల్సింది డబ్బు దారి.

ఈ కిటుకు బిట్‌కాయిన్ అంత పాతది. ట్రెండన్ షేవర్స్ అనే అమెరికన్ 2011, 2012లో 'బిట్‌కాయిన్ సేవింగ్స్ అండ్ ట్రస్ట్' పేరుతో వారానికి 7 శాతం వడ్డీ ఇస్తానని కనీసం ఏడు లక్షల బిట్‌కాయిన్లు పోగుచేశాడు. అప్పటి బిట్‌కాయిన్ వాళ్ల మధ్య అతనికి పేరుంది, చెప్పిన రోజుకు వడ్డీ ఇచ్చేవాడు. కొత్తగా చేరినవాళ్ల అసలులోంచి పాతవాళ్లకు వడ్డీ కట్టాడని 2013లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ కేసు పెట్టింది. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్న 'గెయిన్ బిట్‌కాయిన్' మన దగ్గరే జరిగింది. బిట్‌కాయిన్లు తీసుకుని, చివరికొచ్చేసరికి తమ సొంత టోకెన్, అంటే తామే పుట్టించిన డిజిటల్ నాణెం, చేతిలో పెట్టారు. ఇక మీ రాష్ట్రంలోనే 2023 ఆగస్టులో ఒడిశా పోలీసుల ఆర్థిక నేరాల విభాగం 'సోలార్ టెక్నో అలయన్స్' టోకెన్ కేసు బయటపెట్టింది. సౌరశక్తి పేరు చెప్పి టోకెన్ అమ్మారు. చేరాలంటే ముందే చేరినవాడి సిఫారసు ఉండాలి, మనుషుల్ని తెచ్చిన కొద్దీ కమీషను. భద్రక్, బాలాసోర్ వైపు చాలామంది చేరారు. అరెస్టయినవాళ్లలో మన దేశంలో కంపెనీ పెద్దతో పాటు ఒడిశాలో దాన్ని నడిపిన మనిషి కూడా ఉన్నాడు.

సిఫారసు ఉంటేనే చేర్చుకుంటామనే షరతు వినడానికి జాగ్రత్తలా ఉంటుంది. నిజానికి దాని పని వేరు. ప్రతి మనిషినీ తెలిసినవాడే చేర్చాడు గనుక రేపు గొడవైతే ఎవరూ కంపెనీ మీదికి పోరు, చేర్చిన బంధువు గడప దగ్గరే పోట్లాట తెగుతుంది. అగ్రిగోల్డ్ మునిగినప్పుడు ఊళ్లలో ఏజెంట్లు పడ్డ బాధ శ్రీకాకుళం, విజయనగరం వైపు మీ చుట్టాలను అడిగితే చెబుతారు. వాళ్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టుకున్నవాళ్లు.

ఇప్పుడు లెక్క. రోజుకు 1.2 శాతం, వచ్చింది వచ్చినట్టు మళ్లీ పెడితే నెలకు 43 శాతం. లక్ష రూపాయలు ఏడాదికి దాదాపు 78 లక్షలవుతాయి. అంత సంపాదించే కంప్యూటర్ ప్రోగ్రాం ఉన్నవాడికి రాయగడలో చీరల దుకాణం నడిపే మీ మూడు లక్షలతో పనేమిటి? నిజంగా కొని అమ్మేవాడికి నష్టం వచ్చే రోజులు ఉంటాయి. బిట్‌కాయిన్ ఒక్క రోజులో పది శాతం పడిన సందర్భాలున్నాయి. ఆ రోజు కూడా మీ యాప్‌లో 1.2 శాతమే కలిసిందంటే అక్కడ వ్యాపారం ఏదీ జరగడం లేదు, ఎవరో ఒక అంకె మారుస్తున్నారు. పాత తేదీల్లో బిట్‌కాయిన్ బాగా పడిన రోజు ఒకటి చూసి, ఆ రోజు మీ యాప్‌లో ఎంత కలిసిందో పోల్చండి. అయిదు నిమిషాల పని.

ఇక పరిశీలన. దేనికి ముందు ఏది అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అడ్మిన్‌కు అనుమానం వచ్చిన మరుక్షణం మిమ్మల్ని గ్రూపులోంచి తీసేస్తాడు, యాప్ లాగిన్ ఆపేస్తాడు. టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య జరిగిన చాట్‌ను అవతలివాడు మీ ఫోన్లో కూడా కనబడకుండా చెరిపేయగలడు. అందుకే ప్రశ్నలు అడగడానికి ముందు ఉన్నదంతా భద్రపరుచుకోండి. యాప్‌లో మీ ఖాతా పేజీ, జమలు, విత్‌డ్రాయల్స్ జాబితా, మీ రిఫరల్ లింకు, ఛానల్ పేరు, అడ్మిన్ యూజర్‌నేమ్, మాస్టారు పంపిన మెసేజులు, అన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాట్సాప్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' ఉంది. టెలిగ్రామ్‌లో ఆ సదుపాయం కంప్యూటర్ మీద నడిచే టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో ఉంటుంది. కొన్ని గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ తీయనివ్వరు. అప్పుడు మీ వారి ఫోన్‌తో ఫొటో కొట్టండి.

తర్వాత బ్యాంకుకు వెళ్లి ఈ అయిదు నెలల స్టేట్‌మెంట్ తెచ్చుకుని నింపాదిగా కూర్చోండి. అసలు కథంతా ఆ కాగితంలోనే ఉంటుంది. మీరు పంపిన రెండు విడతలు ఎవరి పేరు మీద పోయాయో చూడండి. రెండూ వేరు వేరు పేర్లయితే, ఆ పేర్లకూ కంపెనీ పేరుకూ సంబంధం లేకపోతే, అవి అద్దె ఖాతాలు. కుర్రాళ్లకో కూలీలకో కొంత డబ్బిచ్చి వాళ్ల పేరున ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డూ సిమ్మూ తీసుకుంటారు. సక్రమంగా నడిచే ఎక్స్ఛేంజీలో (క్రిప్టో కొని అమ్ముకునే సంస్థలో) మీ డబ్బు కంపెనీ పేరున్న ఖాతాలో పడుతుంది, ఈ వారం ఒకరి పేరూ వచ్చే వారం ఇంకొకరి పేరూ ఉండవు.

మీకు వచ్చిన రూ. 14,000 కూడా అలాగే చూడండి. ఎన్ని సార్లుగా వచ్చింది, ఎవరెవరి పేరు మీదుగా వచ్చింది? ఒక్కోసారి ఒక్కో వ్యక్తి పేరు కనబడితే, అది మీలాగే చేరిన ఇంకెవరో కట్టిన డబ్బు అయ్యుండొచ్చు. కొత్తగా చేరినవాడికి 'ఈ యూపీఐకి పంపు' అని నేరుగా పాత సభ్యుడి నంబరే ఇచ్చేస్తారు. మధ్యలో కంపెనీ చేతికి మట్టి అంటదు. ఈ విషయం మీరు సరదాగా తీసుకోకూడదు. ఆ పంపినవాడు రేపు ఏ రాష్ట్రంలోనో ఫిర్యాదు ఇస్తే, డబ్బు వెళ్లిన ఖాతా మీదే గనుక పోలీసులు మీ ఖాతాను ఆపిస్తారు. పొద్దున దుకాణం తెరిచేసరికి చీరల వ్యాపారికి డబ్బు పంపలేని పరిస్థితి. ఈ యాప్‌కు మీ దుకాణం కరెంటు ఖాతా జోడించి ఉంటే వెంటనే తీసేయండి.

అలా ఎప్పుడైనా ఖాతా ఆగితే కంగారు పడకండి. ఏ రాష్ట్రం పోలీసులు ఆపమన్నారు, ఫిర్యాదు నంబరెంత, వివాదంలో ఉన్న మొత్తమెంత అన్నవి బ్యాంకు దగ్గర రాతలో తీసుకోండి. ఆ మొత్తం వరకే ఆపి మిగతా ఖాతా వదలమని బ్యాంకుకూ ఆ పోలీసు స్టేషన్‌కూ అర్జీ పెట్టండి. అప్పటికే మీరు కూడా ఫిర్యాదు ఇచ్చి ఉంటే, మీరు మోసపోయినవారే గానీ మోసంలో భాగస్తులు కారని చెప్పడానికి ఆ రసీదు పనికొస్తుంది.

మూడో మెట్టు యాప్‌లోని అంకెను పరీక్షించడం. యాప్‌లో కనిపించే డబ్బు మామూలుగా యూఎస్‌డీటీ (ఒక్కోటి ఒక డాలరు విలువ ఉండేలా చేసిన క్రిప్టో నాణెం) రూపంలో ఉందంటారు. నిజంగా ఉంటే దాన్ని మీ సొంత వాలెట్‌కు (క్రిప్టో దాచుకునే యాప్‌కు) పంపించుకోగలగాలి, బ్యాంకుకే పంపుతామని వంకలు పెట్టకూడదు. ఫోన్లో మీరే ఒక వాలెట్ పెట్టుకోండి. దానికి 12 లేదా 24 పదాల తాళం వస్తుంది. అది కాగితం మీద రాసి దాచండి, అడ్మిన్‌కు గానీ 'సపోర్ట్' అన్నవాడికి గానీ మాస్టారికి గానీ చూపించకండి. యూఎస్‌డీటీ తిరిగే దారుల్లో ఒకటైన ట్రోన్ నెట్‌వర్క్ అయితే మీ వాలెట్ చిరునామా ఇంగ్లీషు పెద్ద 'టీ'తో మొదలై 34 అక్షరాలుంటుంది. దానికి కొద్ది మొత్తం విత్‌డ్రా పెట్టండి. నిజంగా పంపితే 64 అక్షరాల ట్రాన్సాక్షన్ హాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఒకటి వస్తుంది. దాన్ని ట్రోన్‌స్కాన్ వెబ్‌సైట్లో వేస్తే ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు, ఏ నిమిషంలో, ఎంత వెళ్లిందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. వచ్చింది టెథర్ కంపెనీ జారీ చేసే అసలు యూఎస్‌డీటీయేనా అని కూడా అక్కడే చూడండి. అదే పేరుతో పనికిరాని టోకెన్ ఎవరైనా పుట్టించగలరు. యాప్‌లోని అంకెకు మాత్రం ఇలాంటి సాక్ష్యం ఏదీ లేదు. అది వాళ్ల కంప్యూటర్లో ఒక గడి, అందులో ఎంతైనా రాసుకోవచ్చు.

గ్రూపులో రోజూ పడే 'విత్‌డ్రాయల్ ప్రూఫ్' బొమ్మలూ అంతే. బ్యాంకు మెసేజ్ లాంటి బొమ్మ తయారుచేయడానికి నిమిషం చాలు. బొమ్మ పెట్టినవారిని హాష్ అడగండి. హాష్ ఇచ్చినంత మాత్రాన వ్యాపారం నిజమని కాదు, ఒక చెల్లింపు జరిగిందని మాత్రమే. హాష్ ఇవ్వలేమంటే ఆ బొమ్మకు సాక్ష్యమే లేదు.

డబ్బు కట్టడానికి ఇచ్చే వాలెట్ చిరునామా దొరికితే దాన్నీ ట్రోన్‌స్కాన్‌లో వేయండి. అక్కడ తొందరపడి తీర్పు చెప్పేయకూడదు. వచ్చిన డబ్బంతా నిమిషాల్లో ఇంకో చిరునామాకు పోతోందని చూసి మోసం అనేస్తారు కొందరు, కానీ మంచి ఎక్స్ఛేంజీలు కూడా డబ్బును అలాగే ఒక చోటికి చేరుస్తాయి. మీరు వెతకాల్సింది అది చేరిన పెద్ద చిరునామాను. అందులోకి చిన్న చిన్న జమలు వచ్చి, అందులోంచే చిన్న చిన్న చెల్లింపులు పోతూ, కొని అమ్మినట్టు ఆనవాలే లేకపోతే అది ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో పంచడమే. దీన్ని చదవడానికి కొంచెం అలవాటు కావాలి. ఇంట్లో కంప్యూటర్ చదువు చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

విత్‌డ్రా పెట్టినప్పుడు వచ్చే జవాబే చాలాసార్లు అసలు రంగు బయటపెడుతుంది. 'ముందు 30 శాతం పన్ను కట్టండి, తర్వాత మొత్తం విడుదల' అంటే అక్కడితో ఆగిపోండి. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, పైన సెస్సు కూడా. కానీ దాన్ని మీరు ప్రభుత్వానికి కడతారు, యాప్‌కు కట్టరు. 2022 జులై 1 నుంచి ఉన్న 1 శాతం టీడీఎస్ అయితే అమ్మినప్పుడు వచ్చే డబ్బులోంచే కోసుకుంటారు, ముందుగా ఎదురు కట్టమనరు. పన్ను బదులు 'వెరిఫికేషన్ ఫీజు', 'ఖాతా అన్‌లాక్ డిపాజిట్', 'లీడర్ స్థాయికి వస్తేనే విత్‌డ్రా' అన్నా అర్థం ఒక్కటే. మీకు చెప్పిన మూడు లక్షల లీడర్ మెట్టు ఈ కోవలోదే అని మా అనుమానం. కొన్నాళ్లుగా గ్రూపులో పెద్ద మొత్తాల విత్‌డ్రాయల్స్ ఆలస్యమవుతున్నాయేమో అడిగి చూడండి. కొత్త డబ్బు రావడం తగ్గినప్పుడే ఇలాంటి మెట్లు పుట్టుకొస్తాయి.

పనిలో పనిగా ఫోన్ సంగతి. యాప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కి ఎక్కించుకుని ఉంటే, దానికి ఎస్సెమ్మెస్ చదివే అనుమతీ 'యాక్సెసిబిలిటీ' అనుమతీ ఇచ్చి ఉన్నారేమో సెట్టింగుల్లో చూసి తీసేయండి. మీ ఓటీపీలు చదివే దారి అదే. సాక్ష్యాలు దాచుకున్నాక యాప్ తీసేసి, బ్యాంకు పిన్‌లు మార్చండి.

అడ్మిన్‌కు మూడేళ్ల పేరుంది అన్నారు. ఛానల్లో వెతుకు గుర్తు నొక్కి, క్యాలెండర్‌లో మొదటి నెలకు వెళ్లండి. చాలా ఛానళ్లు ఏ సినిమా పాటలకో ఉద్యోగ ప్రకటనలకో పెట్టినవి. మనుషులు చేరాక అమ్మేస్తారు, కొన్నవాడు పేరు మార్చి క్రిప్టో బోర్డు తగిలిస్తాడు. వయసు ఛానల్‌ది, మనిషి నిన్నటివాడు. 38 వేల మంది అన్న అంకె కూడా డబ్బిచ్చి కొనేదే. ప్రతి పోస్టు కింద కన్ను గుర్తు పక్కన ఎంతమంది చూశారో ఉంటుంది. 38 వేల మందిలో ఎప్పుడూ నాలుగైదు వందలే చూస్తుంటే మిగిలినవి ఉత్త పేర్లు. పోస్టు లింకు చివర వరుస సంఖ్య ఉంటుంది. దగ్గర దగ్గర పోస్టుల మధ్య ఆ వరుసలో పెద్ద పెద్ద ఖాళీలున్నాయంటే చెరిపేసినవి చాలా ఉన్నాయని. తప్పిన జోస్యాలు చెరిపేసి, కుదిరినవి ఉంచుకుంటే ఎవరైనా మేధావే.

అడ్మిన్ పేరుతో మీకు విడిగా మెసేజ్ పెట్టేవాడు అసలు అడ్మినేనా అన్నది ఇంకో చిక్కు. పైన కనిపించే పేరూ ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్‌లో ఇంగ్లీషు చిన్న 'ఎల్' ఉండాల్సిన చోట పెద్ద 'ఐ' పెడితే కంటికి తేడా తెలియదు. అక్షరం అక్షరం పోల్చండి.

గ్రూపులో పెట్టే సర్టిఫికెట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మనం చెప్పింది రాసుకుని ఇచ్చేది. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, అమెరికా 'మనీ సర్వీసెస్' నమోదు, వీటిలో ఏదీ జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే అనుమతి కాదు. క్రిప్టో వ్యాపారం చేసే సంస్థలు 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి, కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదు కావాలి. ఆ జాబితాలో మీ యాప్ పేరుందా చూడండి. ఉన్నా డబ్బు భద్రమని కాదు. మన దేశంలో బాగా పేరున్న వజీర్‌ఎక్స్ నుంచి 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగలు ఎత్తుకుపోయారు. నమోదు లేకపోతే మాత్రం ఇక మాట్లాడాల్సింది లేదు.

ఇవన్నీ అయ్యాక మాస్టారు. ఆయన దగ్గరికి మీరూ మీ వారూ కలిసి వెళ్లండి, ఫోన్లో వద్దు, గ్రూపులో అసలే వద్దు. నలుగురిలో అడిగితే ఆయన తన మాట నిలబెట్టుకోవడానికే చూస్తారు. 'మాస్టారూ, మీ మీద నమ్మకం లేక కాదండీ, చీటీ డబ్బు కదా, భయమేసి అడుగుతున్నాం' అని మొదలుపెట్టండి. ఆపైన అడగాల్సినవి ఎక్కువేం లేవు. తాను పెట్టిన అసలంతా ఎప్పుడైనా పూర్తిగా వెనక్కి తీసుకున్నారా? తీసుకున్నది బ్యాంకు పుస్తకంలో చూపించగలరా? అడ్మిన్‌ను ఎదురుగా ఎప్పుడైనా కలిశారా, ఎక్కడ ఉంటాడు? తనకు వచ్చినదాంట్లో కమీషను ఎంత, పెట్టుబడి మీద వచ్చింది ఎంత? చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లే విడదీసి లెక్క చూసుకుని ఉండరు. ఆయన అసలు కూడా యాప్‌లోనే ఉందని తేలితే మీరు ఆయనకు ఉపకారం చేసినవారవుతారు. కోపగించుకుని 'నా మాటే నమ్మవా' అంటే వాదించకండి. దండం పెట్టి వచ్చేయండి. మూడు లక్షలు మీ దగ్గరే ఉంటాయి కదా.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చెల్లెల్ని చేర్చి కమీషను తీసుకున్నారు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అలాంటి పథకంలో చేరమని తప్పుడు మాట తెలిసి చెప్పి ఒప్పించడం దాని ప్రకారం నేరం. గొలుసుకట్టు పథకాల మీద 1978 నుంచే నిషేధం ఉంది, అందులో మనుషుల్ని చేర్చడం కూడా నేరమే. ఇప్పటిదాకా మీరు తెలియక చేశారు. ఇక మీదట చేస్తే తెలిసి చేసినట్టే. మీ రిఫరల్ లింకు ఎక్కడైనా పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి, వాట్సాప్ స్టేటస్‌తో సహా.

డబ్బు విషయానికొస్తే, యాప్‌లోని లక్షా పది వేలు మరిచిపోండి. మీ అసలులో వెనక్కి రావాల్సింది 40,000లో 14,000 పోను రూ. 26,000. విత్‌డ్రా పెట్టి చూడండి, వస్తే వచ్చింది. అంతకు మించి వచ్చేది ఏదైనా వేరొకరి ఇంట్లోంచి వచ్చేదే. రాకపోయినా, వంకలు మొదలైనా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ జాతీయ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఫోన్ చేసేముందు ప్రతి చెల్లింపుకూ తేదీ, సమయం, మొత్తం, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, స్టేట్‌మెంట్లో ఉండే 12 అంకెల రిఫరెన్సు నంబరు ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. అవి లేకుండా చేస్తే సగం సమయం వెతుకులాటకే పోతుంది. డబ్బు పోయిన గంటల్లో చేసే ఫిర్యాదుకు దాన్ని మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ. నెలలు దాటిన మీ మొదటి విడతల మీద అంత ఆశ పెట్టుకోలేం. అయినా ఫిర్యాదు నంబరు మీ దగ్గర ఉండాలి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు వచ్చే చిక్కు ఏమిటంటే, మీరు ఒడిశాలో, చెల్లెలు ఆంధ్రాలో, డబ్బు వెళ్లిన ఖాతా ఇంకెక్కడో. 'ఇది మా పరిధి కాదు' అని ఏ థానాలోనైనా అంటే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని గుర్తుచేయండి. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, తీసుకుని సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపుతారు. ఆన్‌లైన్లో ఇచ్చిన ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్‌గా నమోదు కావాలంటే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. రాయగడలో కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించుకుపోతే పని తొందరగా అవుతుంది, జతచేసే తెలుగు చాట్‌లలో ముఖ్యమైన నాలుగు ముక్కలకు అర్థం పక్కన రాయించండి. చాలామంది మునిగారని తేలితే డిపాజిటర్ల రక్షణకు ఒడిశాకూ ఆంధ్రాకూ వేరు వేరు చట్టాలున్నాయి; నిర్వాహకుల ఆస్తి జప్తు వాటి కిందే జరుగుతుంది. నష్టపోయినవారి జాబితాలో పేరుండాలన్నా ఫిర్యాదే ఆధారం.

ఫిర్యాదు ఇచ్చిన కొన్నాళ్లకు 'పోయిన మీ క్రిప్టో తెప్పిస్తాం' అంటూ ఎవరో మెసేజ్ పెడతారు. పోలీసు లోగోనో ఈడీ పేరో పెట్టుకుని కూడా వస్తారు. మీ వివరాలు అమ్మింది ఆ గ్రూపే అయ్యుంటుంది. 1930కు రూపాయి ఖర్చు లేదు. రుసుము అడిగినవాడెవడైనా రెండో దొంగే.

చెల్లెలికి ఈ సంగతి మాస్టారితో మాట్లాడకముందే చెప్పండి, కమీషను తీసుకున్నానన్న మాటతో సహా. ఆ రూ. 25,000 తన ఖాతాలోంచి పోయింది కాబట్టి ఫిర్యాదు తన పేరుతో, తన స్టేట్‌మెంట్‌తో విడిగా ఇవ్వాలి. మీ ఫిర్యాదులో కలిపేస్తే లెక్కలోకి రాదు. పార్వతీపురంలోని తన బ్యాంకుకు వెళ్లేటప్పుడు మీకు వచ్చిన కమీషను ఏ తేదీన, ఎవరి ఖాతా నుంచి పడిందో రాసిచ్చి పంపండి. తను డబ్బు పంపిన ఖాతా, మీకు కమీషను వచ్చిన ఖాతా ఒకటే అయితే పోలీసులకు అదే మొదటి ఆధారం.